‘లేదు’ అని పెట్టమన్నది నేనే: అమెరికా తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, మహాసభల్లో ఏ హాల్లో ఏ కార్యక్రమం పెట్టాలో నిర్ణయించే కమిటీల వారికి నమస్కారం.

నేను నార్తర్న్ వర్జీనియాలో ఇరవై నాలుగేళ్ళుగా ఉంటున్నాను. మీ ఉగాది వేడుకలకు కుర్చీలు సర్దాను, వనభోజనాల్లో పులిహోర వడ్డించాను. పేరు రాయకపోయినా ఈ ఉత్తరం ఎవరిదో మీలో కొందరికి తెలిసిపోతుంది. తెలిసినా ఫరవాలేదు. ఒక ప్రభుత్వ ఫారంలో మా అబ్బాయి చేత నేను అబద్ధం రాయించిన సంగతి ఇది. వాడికి ముందే చదివి వినిపించాను. వాడు రెండు చోట్ల దిద్ది, పంపమన్నాడు.

మూడేళ్ళ కిందటి మాట. డిగ్రీ అయ్యి ఏడాది గడిచాక మావాడికి రక్షణ శాఖ పనులు చేసే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసే అనుమతి, వస్తేనే ఆ ఉద్యోగం నిలుస్తుంది. దానికి ఎస్‌ఎఫ్-86 అనే ఫారం నింపాలి. నూరు పేజీలు దాటిన ఫారం అది. ఒక ఆదివారం సాయంత్రం నుంచి డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడెక్కడ ఉన్నాడు, ఏ ఉద్యోగాలు చేశాడు, ఏ దేశాలు తిరిగాడు అన్న దగ్గర్నుంచి తెనాలిలో ఉన్న నాయనమ్మతో ఎన్నాళ్ళకోసారి ఫోన్లో మాట్లాడతాడు అన్నదాకా అన్నీ అందులో రాయాలి. వాళ్ళమ్మ పడుకుంది. రాత్రి పదకొండు దాటాక “నాన్నా, ఒకసారి రా” అని పిలిచాడు.

తెర మీద సెక్షన్ 23 ఉంది. గడిచిన ఏడేళ్ళలో మాదకద్రవ్యాలు ఏమైనా చట్టవిరుద్ధంగా వాడారా అని ప్రశ్న. అవును, లేదు. రెండిట్లో ఒకటి నొక్కాలి.

“ఉంది నాన్నా” అన్నాడు. కాలేజీలో ఆఖరి రెండేళ్ళు రూమ్మేట్లతో కలిసి వీడ్, అంటే గంజాయి, తాగాడట. ఎనిమిదో పదో సార్లు. చివరిసారి గ్రాడ్యుయేషన్ వారంలో. ఆ తర్వాత ముట్టుకోలేదు. ఆ మాట వాడి నోటినుంచి నేను వినడం అదే మొదటిసారి.

నా బుర్రలోకి ముందు వచ్చింది వాడి ఆరోగ్యం కాదు, ఉద్యోగం కూడా కాదు. ఇది నలుగురికీ తెలిస్తే ఎలా అన్నదొక్కటే. అప్పుడే వాడికి సంబంధాలు చూడటం మొదలుపెట్టాం. “లేదు అని పెట్టెయ్. ఎవరు చూశారు?” అన్నాను. వాడు తెర మీద వేలు పెట్టి ఒక వాక్యం చూపించాడు. ఈ సెక్షన్‌లో నిజం చెబితే ఆ మాటను తర్వాత ఏ క్రిమినల్ కేసులోనూ నీ మీద సాక్ష్యంగా వాడబోమని అక్కడే రాసి ఉంది. “వాళ్ళు అలాగే రాస్తారు, నీకు తెలీదు” అన్నాను. వాడు కాసేపు ఊరుకున్నాడు. తర్వాత మౌస్ నొక్కిన చప్పుడు వినిపించింది. నేను మంచినీళ్ళు తాగి వెళ్ళి పడుకున్నాను.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాను.

అయిదు నెలల తర్వాత ఇన్వెస్టిగేటర్ పని మొదలుపెట్టాడు. పక్కింటివాళ్ళతో మాట్లాడాడు, కాలేజీ రూమ్మేట్లలో ఒకతనితో మాట్లాడాడు. అడిగితే ఆ అబ్బాయి ఉన్నది చెప్పాడు. అతణ్ణి నేను చాలా రోజులు తిట్టుకున్నాను, అది కూడా తప్పే. అతను ద్రోహం చేయలేదు. గవర్నమెంటు మనిషి ఎదురుగా కూర్చుని అడిగితే నిజం చెప్పాడు, అంతే. తర్వాత మావాణ్ణి పిలిచి అదే ప్రశ్న అడిగారు. ఫారంలో రాసినదానికి తేడా రాకూడదని వాడు మళ్ళీ లేదన్నాడు. అప్పుడు ఆయన కాగితాలు తిప్పి, నీతో ఉన్నవాళ్ళు ఇంకోలా చెప్పారే అన్నాడట. వాడు అక్కడ తల దించుకుని ఒప్పుకున్నాడు.

ఏడాదికి పైగా గడిచాక ఒక పత్రం వచ్చింది. స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ అంటారు దాన్ని. నీకు క్లియరెన్స్ ఇవ్వడానికి మాకున్న అభ్యంతరాలు ఇవి, ఇరవై రోజుల్లో జవాబు చెప్పు అని దాని సారాంశం. రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ఒకటి గైడ్‌లైన్ హెచ్, అంటే మాదకద్రవ్యాల సంగతి. రెండోది గైడ్‌లైన్ ఈ, అంటే వ్యక్తిగత నడవడి. సూటిగా చెప్పాలంటే అబద్ధమాడటం.

జడ్జి ముందు విచారణకు నేను సాక్షిగా వెళ్ళాను. చెప్పింది నేనే, శిక్ష ఏదైనా ఉంటే నాది అని చెప్పుకుంటే వాడు బయటపడతాడని నా ఆశ. చెప్పాను. ప్రభుత్వం తరఫు లాయరు, నెమ్మదైన మనిషి, ఒక్కటే అడిగారు: “మీరు లాయరా? ఈ క్లియరెన్స్ వ్యవహారాల్లో సలహా చెప్పడం మీ ఉద్యోగమా?” కాదన్నాను. “థాంక్యూ, ఇంకేమీ లేవు” అన్నారు. ఆ ప్రశ్న ఎందుకు అడిగారో ఇంటికొచ్చి నిబంధనలు చదివితే అర్థమైంది. ఈ క్లియరెన్సులు ఎవరికివ్వాలి, ఎవరికి వద్దు అని చూసే పదమూడు గైడ్‌లైన్లు 2017 జూన్ 8 నుంచి అమలులో ఉన్నాయి. సీడ్-4 అని పిలుస్తారు. లాయరో, ఈ పని మీదే ఉన్న అధికారో ఇచ్చిన సలహా వల్ల పొరపాటు జరిగి ఉంటే, ఆ తప్పు తెలిసిన వెంటనే మనిషి పూర్తిగా సహకరించి ఉంటే, దాన్ని కొంత మన్నించే వీలు అందులో ఉంది. అమ్మ చెప్పిందనో, నాన్న చెప్పాడనో అంటే మన్నించే వీలు లేదు. ఇరవై మూడేళ్ళవాడు తన సంతకం తనే పెట్టాడు.

తీర్పు ఆఖరి పేజీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. గైడ్‌లైన్ హెచ్ పక్కన ‘అభ్యర్థికి అనుకూలం’ అని ఉంది. గైడ్‌లైన్ ఈ పక్కన ‘అభ్యర్థికి వ్యతిరేకం’ అని ఉంది. ఆ కింద క్లియరెన్స్ నిరాకరించడమైనది అని ఒక్క ముక్క. ఆ పేజీని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. గంజాయిని జడ్జి మన్నించారు. కుర్రతనం, తక్కువసార్లు, మానేసి చాన్నాళ్ళయింది, ఆ స్నేహాలు వదిలేశాడు, ఇకమీదట ముట్టనని సంతకం చేసి ఇచ్చాడు. అంటే ఆ ఆదివారం రాత్రి వాడు ‘అవును’ నొక్కి ఉంటే ఎక్కువ అవకాశం ఏమిటంటే, రెండు మూడు అదనపు ప్రశ్నలకు జవాబు రాసి, ఇన్వెస్టిగేటర్‌కు ఒకసారి వివరంగా చెప్పి, ఈపాటికి ఆ ప్రాజెక్టులో పని చేస్తూ ఉండేవాడు. నేను దాచమన్నదాన్ని వాళ్ళు క్షమించారు. దాచడాన్ని క్షమించలేదు.

అప్పట్నుంచి రాత్రిళ్ళు ఇలాంటి తీర్పులు చదవడం అలవాటైంది. ఈ కేసులు విచారించే కార్యాలయం, ఆర్లింగ్టన్‌లోని డిఫెన్స్ ఆఫీస్ ఆఫ్ హియరింగ్స్ అండ్ అప్పీల్స్, తన తీర్పులను పేర్లు తీసేసి అందరూ చదువుకునేలా పెడుతుంది. గంజాయిని మన్నించి, అబద్ధాన్ని మన్నించని తీర్పులు వాటిలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఫారం నింపినప్పుడు దాచి, ఏళ్ళ తర్వాత ఇంకో పెద్ద క్లియరెన్స్ కోసం పాలీగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం) పరీక్షకు కూర్చుని, అక్కడ టెన్షన్‌లో చెప్పేసి, ఉన్నది కూడా పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. మేరీలాండ్‌లోని ఫోర్ట్ మీడ్ సైనిక స్థావరం చుట్టుపక్కల ఉద్యోగాల మీద ఆశ పెట్టుకున్న పిల్లలు మన ఇళ్ళలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. అక్కడి నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీ (ఎన్ఎస్ఏ)లో పాలీగ్రాఫ్ తప్పదు.

మొదట్లో నాకూ కోపం వచ్చింది. వాడు ఇక్కడే పుట్టాడు, మేం పన్నులు కడుతున్నాం, ఇది వాడి హక్కు కాదా అనుకున్నాను. కాదట. 1988లోనే ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. వాషింగ్టన్ రాష్ట్రం బ్రెమర్టన్‌లోని జలాంతర్గాముల స్థావరంలో కూలి పని చేసే ఈగన్ అనే ఆయన కేసు అది. పాత నేరాలతోపాటు, దరఖాస్తులో ఆయన చెప్పకుండా దాచిన రెండు శిక్షలు కూడా ఆయనకు క్లియరెన్స్ ఇవ్వకపోవడానికి కారణమయ్యాయి. క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని, సందేహం ఉంటే దేశ భద్రత వైపే మొగ్గాలని ఆ తీర్పు. ఈ పని చూసే జడ్జీలు నేటికీ దాన్నే ఉదహరిస్తారు. కొంచెం నిదానంగా ఆలోచిస్తే అందులో న్యాయం కనబడుతుంది. కుర్రవాడు ఒకప్పుడు ఏం తాగాడన్నది వాళ్ళకు పెద్ద సంగతి కాదు. రేపు వీడి చేతిలో ఏదో ఫైలు పోతే, వీడి వల్ల ఏదో తప్పు జరిగితే, తనకు నష్టమని తెలిసీ వచ్చి చెబుతాడా అన్నది వాళ్ళకు కావాలి. దాచుకునే విషయం ఉన్నవాణ్ణి బెదిరించి లొంగదీసుకోవడం కూడా తేలిక. అది మన ఊళ్ళలోనూ తెలిసినదే కదా.

చట్టం సంగతి కూడా కొంచెం చెప్పాలి, మన గ్రూపుల్లో దీని మీద తిరిగే సలహాలు చూస్తే భయమేస్తోంది కాబట్టి. ఫారంలో తెలిసి అబద్ధం రాయడం ఫెడరల్ నేరం, అయిదేళ్ళదాకా జైలు పడవచ్చు. వర్జీనియాలో 2021 జులై 1 నుంచి ఇరవై ఒక్కేళ్ళు దాటినవాళ్ళ దగ్గర ఒక ఔన్సుదాకా గంజాయి ఉన్నా రాష్ట్రం పట్టించుకోదు. అది చూసి మన పిల్లలు, ఇది తప్పు కాదు కాబట్టి రాయక్కర్లేదు అనుకుంటున్నారు. ఫారం అడిగేది ఫెడరల్ చట్టం గురించి. రాష్ట్రం సరేనన్నా, డెన్వర్‌లో షాపులో బిల్లు కట్టి కొన్న గమ్మీ (గంజాయి కలిపిన మిఠాయి) అయినా రాయాల్సిందే. అయితే అదే 2021 డిసెంబరులో నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్‌గా ఉన్న ఏవ్రిల్ హేన్స్ అన్ని ఏజెన్సీలకూ ఒక మెమో పంపారు. గతంలో సరదాకి గంజాయి వాడటం పరిశీలించదగ్గ విషయమే గానీ, అదొక్కటే నిర్ణయాన్ని తేల్చకూడదని అందులో ఉంది. ఫారం మీద సంతకం పెట్టిన రోజు నుంచి మాత్రం ఇక ముట్టకూడదని కూడా ఉంది. ఈ రెండో ముక్క పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. సంతకం పెట్టాక, క్లియరెన్స్ వచ్చాక, బ్యాచిలర్ పార్టీలో ఒక్కటే గమ్మీ అనుకుంటే అది పాత కాలేజీ లెక్కలోకి రాదు, చాలా పెద్దదవుతుంది.

ఇంకొకటి, మనం అసలు ఊహించనిది. పరీక్షల ముందు రాత్రి మేలుకోవడానికి స్నేహితుడికి డాక్టరు రాసిన చీటీ మీద తెచ్చిన ఆడరాల్ మాత్ర వేసుకోవడం కూడా ఆ ప్రశ్న కిందికే వస్తుంది. తమ పేరున చీటీ లేని మందును అలా వాడటాన్ని వాళ్ళు దుర్వినియోగం అంటారు. మన ఇళ్ళలో ఇండియా నుంచి తెచ్చిన మాత్రల డబ్బా ఉంటుంది చూడండి, నాయనమ్మ నిద్రమాత్రలు, మావయ్య నడుం నొప్పి మాత్రలు. వాటిలో ఆల్ప్రజోలమ్, ట్రమడాల్ లాంటివి ఇక్కడ నియంత్రణలో ఉన్న మందులు. “ఒకటి వేసుకుని పడుకో నాన్నా” అని పిల్లాడి చేతిలో పెట్టేది మనమే.

ఇదంతా పౌరసత్వం ఉన్న పిల్లల గురించి రాస్తున్నాను. గ్రీన్‌కార్డు మీద, వీసా మీద ఉన్నవాళ్ళ సంగతి వేరు. గంజాయి వాడకం, రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, పౌరసత్వం రావడానికి అడ్డు కావచ్చని ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. వాళ్ళు ఏ ఫారం నింపే ముందైనా ఇమిగ్రేషన్ లాయరును కలవాలి. అబద్ధం రాయమని కాదు, ఏది ఎలా చెప్పాలో తెలుసుకోవడానికి.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట.

మావాడికి ఏడేళ్ళప్పుడు సెలవులకి వెళ్తూ దారిలో మోటెల్‌లో దిగాం. రూములో నలుగురికే చోటు, మేం ఆరుగురం. కౌంటర్ దగ్గర అడిగితే నలుగురమే అని చెప్పమని వాడికి కారులోనే నేర్పించాను. చెప్పాడు. బాగా చెప్పాడని ఐస్‌క్రీమ్ కొనిపెట్టాను. ఈ మధ్య ఒక రోజు వాడే గుర్తు చేశాడు. దెప్పడానికి కాదు, ఊరికే, “నీకు గుర్తుందా నాన్నా” అని. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను. మంచి స్కూల్ కోసం బంధువుల అడ్రస్ ఇవ్వడం, రెజ్యూమెలో మూడేళ్ళ అనుభవం ఆరేళ్ళు చేయడం, పిల్లాడి పేరున హైదరాబాద్ శివార్లలో కొన్న ప్లాటు సంగతి వాడిక్కూడా చెప్పకపోవడం, ఇవన్నీ మన ఇళ్ళలో మామూలు. ఆ ప్లాటు కూడా ఫారంలో అడుగుతారు. విదేశాల్లో నీ పేరున ఆస్తి ఉందా అని. తెలియక లేదని రాస్తే తెలియదని చెప్పుకోవచ్చు, తెలిసి రాస్తే చెప్పుకోలేం.

దాయడం మనకు పరువు కాపాడుకోవడం. పిల్లాడు తాగాడంటే తిడతాం, తాగలేదని అబద్ధమాడితే తెలివైనవాడంటాం. మహాసభల్లో మీరు డ్రగ్స్ మీద పెట్టే సెషన్లు నేను చూశాను. పోలీసు అధికారి వస్తాడు, భయపెట్టే స్లైడ్లు వేస్తాడు, ముందు వరసలో తల్లిదండ్రులు కూర్చుని చప్పట్లు కొడతారు, వెనక వరసలో పిల్లలు ఫోన్లు చూసుకుంటారు. పక్కన అమ్మ కూర్చుని ఉంటే, నేను ఇప్పటికే తాగాను, ఇప్పుడేం చెయ్యాలి అని ఏ పిల్లాడు చెయ్యి ఎత్తుతాడు? ఆ గదిలో జవాబు దొరకాల్సింది ఆ ఒక్క పిల్లాడికి.

అందుకని నేను అడిగేది ఇది. మీ తర్వాతి మహాసభలో ఇమిగ్రేషన్ సెషన్, టాక్స్ సెషన్, పెళ్ళిసంబంధాల పరిచయ వేదిక పక్కన ఒక గది, ఒక గంట దీనికి ఇవ్వండి. ఈ కేసులు వాదించే లాయరును పిలవండి. వాషింగ్టన్ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. తల్లిదండ్రులు లోపలికి వద్దు. వీడియో తీయొద్దు, పేర్లు రాసుకోవద్దు. ప్రశ్నలు చీటీల మీద రాసి పెట్టెలో వేసేలా చూడండి. ఇప్పటికే ‘లేదు’ అని రాసి పంపేసిన పిల్లలకు ముఖ్యంగా చెప్పించండి: ఎవరూ పట్టుకోకముందే, ఎదురుగా పెట్టి అడగకముందే, తానుగా వెళ్ళి దిద్దుకుంటే గైడ్‌లైన్ ఈ కిందే దానికి విలువ ఇస్తారు. మావాడికి అయిదు నెలలు టైం ఉంది. ఆ అయిదు నెలల్లో ఒక్క రోజు వాడికి ఈ మాట తెలిసి ఉంటే చాలు. నాకు తెలిసి ఉంటే ఇంకా బాగుండేది.

తల్లిదండ్రులకు వేరే గది పెట్టండి. అక్కడ చట్టం అంత చెప్పనక్కర్లేదు. మీ పిల్లలు ఫారం నింపుతూ మిమ్మల్ని పిలిస్తే వెళ్ళండి, పక్కన కూర్చోండి, చెప్పింది వినండి, ఏం రాయాలో మాత్రం చెప్పకండి అని చెప్పించండి. తిట్టాలనిపిస్తే మర్నాడు తిట్టమనండి. అలాగే మీలో సంబంధాలు కుదిర్చే పెద్దలున్నారు. ఎవరింట్లోనైనా ఇలాంటి మాట బయటపడితే దాన్ని ఇంకో ఇంటికి మోయకండి. నేను ఆ రాత్రి భయపడింది ఇన్వెస్టిగేటర్‌కి కాదు, మీకు. ఇది నిష్ఠూరంగా అనడం లేదు, జరిగింది చెబుతున్నాను.

మావాడు ఇప్పుడు వేరే చోట పని చేస్తున్నాడు, క్లియరెన్స్ అక్కర్లేని ఉద్యోగం. తీర్పు వచ్చి ఏడాది నిండాక, ఏదైనా కంపెనీ తీసుకుంటే మళ్ళీ దరఖాస్తు చేసుకునే వీలుంది. ఆ ఫారంలో ఇంకో ప్రశ్న ఉంటుంది, ఎప్పుడైనా నీకు క్లియరెన్స్ నిరాకరించారా అని. దానికి ఏడేళ్ళ గడువేమీ లేదు, జన్మంతా అవును అనే రాయాలి. రాస్తానన్నాడు.

ఆ గంట మీరు పెడితే మావాడు వస్తానన్నాడు. సెక్షన్ 23 పేజీ తెర మీద వేసి, ఏ వాక్యం ఎక్కడుంటుందో తనే చూపిస్తాడట. నేను రెండో గదిలో, పెద్దవాళ్ళతో ఉంటాను. తేదీ, ఊరు చెప్పండి, మా టికెట్లు మేమే కొనుక్కుంటాం.

ఇట్లు,
ఒక తండ్రి
నార్తర్న్ వర్జీనియా